పాత స్లాబ్ కింద జిప్సమ్ బోర్డా, పీవోపీయా, పీవీసీయా, ప్లాస్టరింగ్ చాలా?

భీమవరంలో మా అమ్మావాళ్ల ఇంటికి 1991లో స్లాబ్ వేశారు. హాల్లో పైన పెచ్చులు ఊడుతున్నాయని, చుట్టాలొస్తే చూడ్డానికి బాగోలేదని, కొన్నేళ్ల కిందట జిప్సమ్ బోర్డుతో ఫాల్స్ సీలింగ్ చేయించాం. వారం తిరక్కుండా హాలు కొత్తింటిలా మారిపోయింది. మూడో వానాకాలంలో ఫ్యాను పక్కన గోధుమరంగు మచ్చ కనిపించింది. పెయింట్ వేయించాం. మళ్లీ వచ్చింది. తర్వాత అక్కడ బోర్డే కిందికి వంగింది. విప్పి చూస్తే, స్లాబ్ నుంచి ఊడిన అరచేతి మందం పెచ్చు ఒకటి బోర్డు వెనక పడి ఉంది. పైన స్లాబ్‌లో రెండు రాడ్లు పొరలు పొరలుగా తుప్పు పట్టి కనిపించాయి. అమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం తినే కుర్చీ సరిగ్గా దాని కిందే ఉండేది.

అందుకే ఎవరైనా "పాత సీలింగ్‌కి ఏ బోర్డు మంచిది?" అని అడిగితే, ముందు పైన ఏముందో చూశారా అని అడుగుతాను. బోర్డు స్లాబ్‌ని బాగుచేయదు, మోయదు, చెమ్మను ఆపదు. దాన్ని కప్పుతుంది, అంతే. కప్పదగిన స్థితిలో ఉన్న స్లాబ్‌ని కప్పితే మంచి పనే. లేకపోతే మనకు కనిపించాల్సిన ప్రమాదాన్ని మన డబ్బుతోనే దాచుకున్నట్టు.

ముందు తట్టి చూడండి

స్టూలెక్కి, సుత్తి కర్రతో స్లాబ్‌ని అడుగడుగునా మెల్లగా తట్టండి. గట్టిగా 'టక్' మంటే ప్లాస్టరింగ్ పట్టుకుని ఉన్నట్టు. డొల్లగా మోగితే ప్లాస్టరింగ్ స్లాబ్‌ని వదిలేసినట్టు. డొల్లగా మోగిన చోటల్లా చాక్‌పీస్‌తో గీత గీయండి. ఒక గది చూడటానికి అరగంట పడుతుంది. ఆ గీతలు చూస్తే సగం నిర్ణయం అయిపోతుంది.

సున్నమో పుట్టీయో మాత్రమే పొరలుగా లేస్తుంటే అది పైపై సమస్య. ప్లాస్టరింగ్ డొల్లగా ఉండి, లోపలి కాంక్రీటు గట్టిగా ఉంటే అది మేస్త్రీ పని. పగుళ్లు తిన్నటి గీతల్లా, ఇంచుమించు సమాన దూరాల్లో వస్తుంటే, వాటి వెంట తుప్పు మరక దిగుతుంటే మాత్రం ఆగండి. ఆ గీతలు లోపలున్న రాడ్ల దారులు. ఇనుము తుప్పుగా మారితే ముందున్న దానికంటే రెండింతలకు పైగా జాగా ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పగిలి పెచ్చుగా ఊడుతుంది. ఈ దశలో ఏ సీలింగ్ గురించీ ఆలోచించే పని లేదు. స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవాలి.

మన పాత ఇళ్లలో ఇది ఇంత ఎక్కువగా ఎందుకు కనిపిస్తుందంటే, రాడ్ల కింద ఉండాల్సిన కాంక్రీటు మందం, మేస్త్రీలు 'కవరింగ్' అనేది, చాలా చోట్ల సరిగ్గా ఇవ్వలేదు. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్, 2000లో వచ్చింది, మామూలు వాతావరణంలో స్లాబ్‌కి 20 మి.మీ. కవరింగ్ అడుగుతుంది. సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకైతే 45 మి.మీ. అంటుంది. మా హాల్లో రాడ్లు కొన్నిచోట్ల ప్లాస్టరింగ్‌ని ఆనుకునే ఉన్నాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉన్నవాళ్లు ఈ తట్టి చూసే పనిని అసలు వదలొద్దు.

రాడ్లు పైపైన మాత్రమే తుప్పు పట్టి ఉంటే బాగుచేసే పద్ధతి ఉంది. వదులు కాంక్రీటంతా కొట్టేసి, రాడ్డు చుట్టూ ఖాళీ చేసి, వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాలి. తర్వాత జింక్ ప్రైమర్, దాని మీద పాత కొత్త కాంక్రీటును కలిపే బాండింగ్ కోటు, ఆపైన పాలిమర్ కలిపిన మోర్టార్ పొరలు పొరలుగా వేయాలి. రాడ్డు సన్నబడిపోయి ఉంటే కొత్త రాడ్డు జతచేయాలో లేదో ఇంజినీరే చెప్పాలి. పని జరిగేటప్పుడు కింద సరుగుడు బాదులో జాకీలో పెట్టి ఆసరా ఇవ్వాలి. ఉత్త సిమెంటు పూసి "అయిపోయిందండీ" అనే పని ఒకటి రెండేళ్లకు మించి ఆగదు. మా ఇంట్లో మొదటిసారి చేసింది అదే.

నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి?

వాన పడ్డాక రెండు మూడు రోజులకు పెరిగి, ఎండల్లో ఎండిపోయే మచ్చ డాబా మీద నుంచి వస్తున్నట్టు. ఏడాది పొడవునా తడిగా ఉంటే పై అంతస్తు బాత్‌రూమో, గోడలో పైపో కారణం. అనుమానం ఉంటే డాబా మీద చిన్న కట్టలు కట్టి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడండి. స్లాబ్ అప్పటికే బలహీనంగా కనిపిస్తుంటే మాత్రం ఆ నీళ్ల బరువు దాని మీద మోపొద్దు.

డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించినా, ఒక వానాకాలం దాటేదాకా కింద బోర్డు బిగించకండి. ఈ మాట నచ్చదని తెలుసు. పెళ్లో గృహప్రవేశమో ముందుంటే ఇంకా టెన్షన్. అయినా తొందరపడితే మళ్లీ విప్పడానికి అయ్యే ఖర్చు మొదటి ఖర్చుకి తక్కువేమీ కాదు. మాకు అంతకంటే ఎక్కువే అయింది.

ఫాల్స్ సీలింగ్ లేకుండా ప్లాస్టరింగ్ ఒక్కటే

దీన్ని ఎవరూ ఎంపికగా లెక్కపెట్టరు. నా ఉద్దేశంలో పాత ఇళ్లలో సగం గదులకు ఇదే సరైనది. డొల్ల ప్లాస్టరింగ్ కొట్టేసి, స్లాబ్‌కి దగ్గర దగ్గరగా గాట్లు పెట్టి, సిమెంటు పాలు పట్టించి, పలచగా పూయించాలి. సీలింగ్‌కి 6 మి.మీ. దాకా చాలు. మందం పెరిగేకొద్దీ దాని బరువుకే అది ఊడుతుంది. వారం రోజులు తడపాలి. పూర్తిగా ఆరాకే పుట్టీ.

లాభమేంటంటే ఎత్తు తగ్గదు, ఫ్యాను ఉన్నచోటే ఉంటుంది, రేపు చెమ్మ వస్తే మొదటి రోజే కంటపడుతుంది. స్లాబ్ తొమ్మిదిన్నర అడుగుల లోపే ఉన్న గదుల్లో దీన్ని దాటి ఆలోచించకండి. లెక్క చూడండి. బోర్డు సీలింగ్ కనీసం నాలుగు నుంచి ఆరు అంగుళాలు తింటుంది. ఫ్యాను రెక్కలకు, సీలింగ్‌కి మధ్య ఒక అడుగు ఖాళీ లేకపోతే గాలి సరిగా తిరగదు. తొమ్మిదిన్నర అడుగుల గదిలో ఇవి రెండూ తీసేస్తే రెక్కలు ఎనిమిది అడుగుల దగ్గరికి వస్తాయి. పిల్లాణ్ని భుజాన ఎక్కించుకునే నాన్నలు ఉన్న ఇంట్లో నేను అంత కిందికి రానివ్వను.

జిప్సమ్ బోర్డు

స్లాబ్ గట్టిగా ఉంది, లీకు లేదు, ఎత్తు పదడుగులు ఉంది. గీతలు గీసినట్టు నునుపుగా ఉండాలి, కొత్త లైట్లు పెట్టాలి, పాత పైపులో వైర్లో దాచాలి. ఇలాంటి చోట జిప్సమ్ బోర్డును మించింది లేదు. మన దగ్గర ఎక్కువగా దొరికేది 12.5 మి.మీ. మందం, ఆరడుగులు ఇంటూ నాలుగడుగుల షీటు. ఒక్కోటి 18 నుంచి 20 కిలోలు ఉంటుంది. రెండు వైపులా గట్టి కాగితం, మధ్యలో జిప్సమ్. ఆ జిప్సమ్ బరువులో ఐదో వంతు దాకా నీరు రసాయనికంగా కలిసి ఉంటుంది. మంట తగిలితే ఆ నీరు ఆవిరవుతూ వేడిని వెనక్కి పోనివ్వకుండా కాసేపు ఆపుతుంది. వంటింటి పక్క గదులకు ఇది చిన్న ధైర్యం కాదు.

బలమంతా కనిపించని ఫ్రేములో ఉంటుంది. గోడ చుట్టూ ఒక చానెల్, స్లాబ్ నుంచి వేలాడే పట్టీలు, వాటికి నాలుగడుగులకొకటి చొప్పున అడ్డ చానెల్, దానికింద అడుగున్నరకొకటి చొప్పున బోర్డు బిగించే సెక్షన్. బోర్డుకి స్క్రూలు తొమ్మిది అంగుళాలకు మించి దూరం ఉండకూడదు. స్క్రూ తల కాగితాన్ని చింపకుండా కొంచెం లోపలికి దిగాలి. కాగితం చిరిగితే ఆ స్క్రూ పట్టు పోయినట్టే. బోర్డుల చివరి అతుకులు ఒకే గీతలో రాకుండా మార్చి మార్చి వేయాలి. అతుకు మీద టేపు, ఆపైన జాయింటింగ్ కాంపౌండ్ మూడు కోట్లు. పగుళ్లు వచ్చిన సీలింగ్‌లు చాలావరకు ఈ టేపు దగ్గర ఒక కోటు మిగుల్చుకున్నవే.

పాత స్లాబ్‌కి ప్రత్యేకంగా చూడాల్సింది ఆ వేలాడే పట్టీలు. ఒక్కో పట్టీ దాదాపు పదహారు చదరపు అడుగుల సీలింగ్‌ని మోస్తుంది. అంటే ఇంచుమించు 15 నుంచి 18 కిలోలు. అది పట్టుకునేది స్లాబ్‌లోకి దిగి బిగుసుకునే బోల్టుని, అంటే ఫాస్టెనర్‌ని. డొల్ల ప్లాస్టరింగ్‌లో బిగిస్తే ఆ రోజు నిలబడుతుంది, ఎప్పుడో ఊడుతుంది. అందుకే చాక్‌పీస్ గీతలున్న చోట ప్లాస్టరింగ్ కొట్టేసి, కాంక్రీటులోకే డ్రిల్ చేయించండి. చెక్క గూటాలు కొట్టి మేకులు దిగ్గొడతామంటే ఒప్పుకోకండి. రెండు మూడు పట్టీలను పట్టుకుని గట్టిగా లాగి చూడండి. నేను రెండోసారి పని చేయించినప్పుడు ఒక్కోదాన్నీ లాగి చూశాను. పనివాళ్లు ఏమీ అనుకోలేదు. పైగా వదులుగా ఉన్నవి వాళ్లే రెండు చూపించారు.

ఫ్రేము ఇనుము మందం కూడా అడగాలి. బోర్డు బిగించే సెక్షన్ 0.5 మి.మీ., అడ్డ చానెల్ 0.9 మి.మీ. ఉండటం మంచి పద్ధతి. చదరపు అడుగుకి అందరికంటే బాగా తక్కువ ధర చెప్పినవాళ్లు చాలాసార్లు తగ్గించేది ఇక్కడే.

ఆకుపచ్చ బోర్డు గురించి ఒక మాట. "ఇది వాటర్‌ప్రూఫ్ అండీ, లీకు ఉన్నా పర్లేదు" అని చెబుతుంటారు. అది తప్పు. ఆకుపచ్చది గాలిలో తేమను తట్టుకోవడానికి. బాత్‌రూము ముందు గదికి, వంటింటికి పనికొస్తుంది. పైనుంచి నీళ్లు కారితే అదీ మెత్తబడుతుంది. కాస్త ఆలస్యంగా, అంతే తేడా.

పీవోపీ

పదార్థం అదే. జిప్సమ్‌ని వేడిచేసి నీరు చాలావరకు పోగొట్టిన పొడి పీవోపీ, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. నీళ్లు కలిపితే మళ్లీ గట్టిపడుతుంది. తేడా చేతిలో ఉంది. బోర్డు ఫ్యాక్టరీలో ఒకే మందంతో తయారవుతుంది. పీవోపీ నాణ్యత ఆ రోజు వచ్చిన పనివాడి చేతిని బట్టి ఉంటుంది. మంచి పనివాడైతే వంపులు, పూలు, గుండ్రాలు బోర్డు కంటే అందంగా వస్తాయి. అతుకులు కనపడవు. చిన్న దెబ్బ తగిలితే పూడ్చడం తేలిక.

కానీ మనుషులు కాపురం ఉంటున్న ఇంట్లో పీవోపీ చేయించడం కష్టమే. తెల్ల దుమ్ము ఇల్లంతా, నేల మీద గట్టిపడిన ముద్దలు, ఆరేదాకా పెయింట్‌కి ఎదురుచూపు. గోదావరి జిల్లాల గాలిలో వానాకాలం ఆ ఎదురుచూపు వారాలకు పోతుంది. మందంగా పోస్తే బరువు పెరుగుతుంది. పాత స్లాబ్‌కి అది మంచిది కాదు. తిన్నటి సీలింగ్ కావాలంటే నేను బోర్డుకే ఓటు వేస్తాను. దేవుడి గది మీద ఒక్క గుండ్రటి డిజైన్ కావాలంటే అక్కడి వరకు పీవోపీ చాలు.

పీవీసీ ప్యానెళ్లు, గ్రిడ్ సీలింగ్

పీవీసీ ఒక రకం ప్లాస్టిక్. తేలిక, నీళ్లకు పాడవదు, చెదలు పట్టదు, పెయింట్ అక్కర్లేదు. బాత్‌రూములకు, బాల్కనీలకు నిశ్చింతగా వాడొచ్చు. కానీ ఎండకు వేడెక్కే రేకుల కింద అది మెత్తబడి వంగుతుంది. అంటుకుంటే ఊపిరాడనివ్వని విషపు పొగ వస్తుంది. కాబట్టి పడకగదిలో, వంటింట్లో పొయ్యి మీద నేను పెట్టించను. లీకు దాచడంలో ఇది జిప్సమ్ కంటే ప్రమాదకరం కూడా. జిప్సమ్ కనీసం మచ్చపడి చెబుతుంది, పీవీసీ ఏ మచ్చా చూపించదు. నీళ్లు ప్యానెల్ మీదుగా గోడ వైపు జారిపోతాయి, పైన స్లాబ్ తడుస్తూనే ఉంటుంది.

రెండడుగుల చదరాల గ్రిడ్ సీలింగ్ ఆఫీసులా ఉంటుందని ఇళ్లలో ఎవరూ ఇష్టపడరు. అయినా పై అంతస్తు బాత్‌రూము కిందపడే వరండాకో, స్టోరు గదికో ఇదే మేలు. ఏ చదరాన్నైనా ఎత్తి చూడొచ్చు. కాల్షియం సిలికేట్ పలకలైతే తేమను కూడా బాగా ఓర్చుకుంటాయి.

స్లాబ్ కాని పాత కప్పులు

టేకు దూలాల మీద ఇటుకలు, సున్నం వేసి కట్టిన మద్రాస్ టెర్రస్ ఇళ్లలో, పెంకుటిళ్లలో, రాయలసీమ మిద్దెల్లో లెక్క మారుతుంది. ఇక్కడ పట్టీలు దూలాలకే బిగించాలి. ఇటుకల మధ్య సున్నం ఫాస్టెనర్‌ని పట్టుకోదు. ముందు స్క్రూడ్రైవర్‌తో ప్రతి దూలం చివర, గోడలోకి దూరే చోట, గుచ్చి చూడండి. చెదలూ పుచ్చూ మొదలయ్యేది అక్కడే. గుచ్చితే దిగబడిందంటే సీలింగ్ సంగతి తర్వాత, వడ్రంగిని పిలవండి. దూలాలను బోర్డుతో పూర్తిగా మూసేస్తే గాలి ఆడక పుచ్చు పెరుగుతుంది కాబట్టి గాలి పోయే కంతలు వదలాలి. నిజానికి దూలాలు బాగుంటే వాటిని శుభ్రం చేసి పాలిష్ పెట్టి అలాగే ఉంచుకోమని బతిమాలతాను. అలాంటి టేకు ఇప్పుడు కొనాలంటే మనవల్ల కాదు.

పాత సిమెంటు రేకుల కప్పైతే వాటికి డ్రిల్ చేయొద్దు. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. గోడ నుంచి గోడకు విడిగా ఇనుప ఫ్రేము వేసి, దానికి బోర్డు బిగించాలి.

ఇంగ్లండ్‌లో పాత ఇల్లు కొన్న మనవాళ్లకు ఇంకో రకం ప్రశ్న వస్తుంది. అక్కడ స్లాబ్ ఉండదు. చెక్క దూలాలకు సన్నటి బద్దలు కొట్టి, వాటి మీద సున్నపు ప్లాస్టర్ పూసేవారు. దాన్ని కూల్చకుండా కిందనుంచే కొత్త ప్లాస్టర్‌బోర్డు బిగించడం అక్కడ మామూలు పద్ధతి. దుమ్ము లేకుండా అయిపోతుంది. కానీ స్క్రూ పాత ప్లాస్టర్‌ని దాటి దూలంలోకి కనీసం 25 మి.మీ. దిగాలి. అంటే మొత్తం 65, 70 మి.మీ. స్క్రూలు కావాలి. పాత ప్లాస్టర్ బాగా జారి వేలాడుతుంటే కూల్చడమే మంచిది. పైన ఆర్టెక్స్ అనే గరుకు పూత ఉంటే, ఇల్లు 2000కి ముందుదైతే, గోకడానికీ డ్రిల్ చేయడానికీ ముందు చిన్న ముక్క పరీక్షకు పంపించండి. ఆ పూతల్లో ఆస్బెస్టాస్ కలిపేవారు. అక్కడ దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో.

వేడి కోసమే అయితే

"పై అంతస్తు కాలిపోతోంది, సీలింగ్ వేయిస్తే చల్లబడుతుందా?" అని విజయవాడ, గుంటూరు వైపు వాళ్లు ఎక్కువగా అడుగుతారు. మధ్యలో గాలి పొర వల్ల కొంత తేడా ఉంటుంది. గాజు పోగుల దుప్పటి లాంటి గ్లాస్‌వూల్ పరిస్తే ఇంకొంచెం. కానీ ఎండను స్లాబ్ తాగాక కింద అడ్డుపెట్టడం కంటే, పైనే తిప్పికొట్టడం చవక, మేలు. డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. ఏసీ పెట్టే గదైతే ఎత్తు తగ్గి, చల్లబరచాల్సిన గాలి తగ్గుతుంది కాబట్టి సీలింగ్‌కి అర్థం ఉంది.

పని మొదలుపెట్టే రోజు

ఫ్యాను కొక్కెం స్లాబ్‌లోని రాడ్డుకే ఉండాలి. బోర్డుకి గానీ ఫ్రేముకి గానీ ఫ్యాను వేలాడదీయకూడదు. పాత కొక్కెం తుప్పు పట్టిందేమో మూయకముందే చూసుకోండి. పాత వైర్లు ఎలాగూ మార్చాలనుకుంటే ఇప్పుడే మార్చండి. మూసేముందు ప్రతి గోడ వైపు నుంచి, టేపు పెట్టి కొలత కనపడేలా, ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి. రేపు కర్టెన్ రాడ్డుకో లైటుకో డ్రిల్ చేసేటప్పుడు అవే ఆధారం.

చుట్టూ మాత్రం బోర్డు పెట్టి మధ్యలో స్లాబ్ వదిలేసే డిజైన్ పాత ఇళ్లకు బాగుంటుందనుకుంటారు. ఫ్యాను వరకు నిజమే. కానీ డాబా లీకులు ఎక్కువగా మొదలయ్యేది పిట్టగోడ, స్లాబ్ కలిసే అంచులో. ఆ డిజైన్ సరిగ్గా ఆ అంచునే కప్పేస్తుంది. వేయించుకుంటే ప్రతి మూలకీ తెరిచి చూసే తలుపు పెట్టించుకోండి. సీలింగ్ వాళ్లు దాన్ని ట్రాప్ డోర్ అంటారు. అందం పోతుందని వాళ్లే వద్దంటారు, పట్టుబట్టండి.

మా హాల్లో రెండోసారి స్లాబ్ బాగు చేయించి, ఒక వానాకాలం ఆగి, మళ్లీ జిప్సమ్ బోర్డే వేయించాం. ఈసారి రెండు ట్రాప్ డోర్లు పెట్టించాం. అమ్మ పడకగదికి మాత్రం ప్లాస్టరింగ్ చేయించి వదిలేశాం. ఏటా మొదటి పెద్ద వాన వెలిసిన మర్నాడు తమ్ముడు నిచ్చెన వేసి, హాల్లో తలుపులు తెరిచి, టార్చి వేసి నాలుగు మూలలూ చూస్తాడు. అమ్మ కింద నిలబడి నిచ్చెన పట్టుకుంటుంది.